గడ్డ తీసిన తర్వాత

మహబూబాబాద్ స్టేషన్ నుంచి కురవికి షేర్ ఆటో నడిపే యాదగిరికి యాభై ఆరేళ్లు. పోయిన దసరాకు ముందు హైదరాబాద్‌లో అతనికి ప్రోస్టేట్ గ్రంథి తీసేశారు. దాంట్లో క్యాన్సర్ ఉందన్నారు. "గడ్డ మొత్తం వచ్చేసింది, అదృష్టవంతుడివి" అన్నాడు డాక్టరు. మిగతాది చెప్పలేదు. చెప్పాడేమో కూడా. సంతకం పెట్టే కంగారులో యాదగిరి వినలేదు.

ఐదు నెలలు గడిచాయి. దగ్గితే మూత్రం జారిపోతుంది. తుమ్మినా, బ్రేకు గట్టిగా తొక్కినా అంతే. పాత లుంగీ ముక్కలు మడిచి లోపల పెట్టుకుంటాడు. రెండు ట్రిప్పులకోసారి మార్చుకోవాలి. ఇంకొకటి ఉంది. అది తనలో తాను కూడా అనుకోలేడు. మనసు పడినా ఒళ్లు పలకడం లేదు. ఆ భయంతో భార్య కట్టమ్మ పక్కన పడుకోవడం మానేసి వాకిట్లో మంచం వేసుకున్నాడు. ఎందుకని అడిగితే, వణికే చలిలో, ఉక్కపోస్తుందన్నాడు. మరిపెడలో ఒకాయన ఇచ్చిన పొడి నెలరోజులు పాలల్లో కలుపుకొని తాగాడు. కడుపు మండింది, అంతే.

ఆ మధ్యాహ్నం ఆటో నిండా జనం. డ్రైవరు సీటు మీద పక్కనే ఇరుక్కుని తండా మోతీలాల్ కూర్చున్నాడు. వెనక వేసిన మిరప బస్తాల ఘాటుకు యాదగిరికి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు. గుడ్డ తడిసింది, ప్యాంటు తడిసింది, తడి సీటు మీదుగా మోతీలాల్ తొడ దాకా పాకింది.

"ఏందన్నా, నీళ్ల సీస గిట్ల పగిలిందా?" అంటూ మోతీలాల్ కిందికి చూశాడు. వాసన తగిలింది. తర్వాతి స్టాపులో దిగి, వెనక కమ్మీ పట్టుకుని వేలాడాడు. వెనక సీట్లో ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం అద్దంలో కనిపించింది.

కురవిలో అందరినీ దింపేసి యాదగిరి ఖాళీ ఆటోతో ఇంటికొచ్చాడు. మిరపకాయలు ఏరి అప్పుడే వచ్చిన కట్టమ్మ, మంటకు చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంది.

"నువ్వు మీ అన్న ఇంటికి పో" అన్నాడు.

"ఎందుకు? ఏమైంది?"

"నేను మొగోణ్ని కానిప్పుడు. ఉచ్చ ఆపుకోలేని ముసలి గొడ్డును. నాతోని నీకేం సుఖం? ఆ రోగంతోనే సచ్చినా బాగుండు."

దాచిందంతా చెప్పేశాడు. గోడకు జారగిలబడి ఏడ్చాడు. ఆమె వచ్చి వీపు మీద చెయ్యి వేస్తుందనుకున్నాడు. కట్టమ్మ కదల్లేదు.

"నాకు గర్భసంచి తీసినప్పుడు యాదికున్నదా?"

అతను తలెత్తాడు.

"నెల గూడ కాలే, పక్కలకొచ్చినవ్. నొస్తుందయ్యా, జర ఆగు అన్న. ఇన్నవా? ఆపరేషన్ అయిపాయె గదా, ఇంకేం నొప్పి అన్నవ్. రెండేండ్లు పండ్లు బిగబట్టి పడుకున్న. అప్పుడు నేనెవ్వరింటికి పోవాలె?"

గోడ వైపు తిరిగి పడుకున్న ఆమె వీపు యాదగిరికి గుర్తుంది. అలిగిందనుకున్నాడు అప్పుడు.

"నీ మీద కోపం పోయిందని అనను. గాని పొమ్మంటే పోను. ఐదు నెలల సంది నేనంటే నీకు రోత పుట్టిందనుకున్న. గీ ముక్క జెప్తే ఏం బోయె?"

మర్నాడు ఇద్దరూ రైలెక్కి వరంగల్ వెళ్లి, ఇంకో డాక్టరుకు రిపోర్టులు చూపించారు. కట్టమ్మే అడిగింది, తల దించకుండా, రెండూ అడిగింది.

"మూత్రం సంగతి వ్యాయామంతో చాలావరకు కుదుటపడొచ్చు. ఏడాది పట్టొచ్చు" అన్నాడు డాక్టరు. "రెండోదానికి మాత్రం నరాలు మిగల్లేదు. గడ్డతో పాటే తీయాల్సి వచ్చింది. మందు ఇస్తాను, పని చేస్తుందని మాట ఇవ్వలేను."

తిరుగు రైలు కేసముద్రం దాటింది. కిటికీ పక్కన కూర్చున్న కట్టమ్మ చెవి దగ్గరికి వంగి యాదగిరి మెల్లగా అడిగాడు.

"ఆ నొప్పి నీకిప్పుడు గూడ ఉన్నదా?"

"గిప్పుడడుగుతున్నవా?" అంది ఆమె, బయటకు చూస్తూ.

ఉందో లేదో చెప్పలేదు. మళ్లీ అడిగే ధైర్యం అతనికి రాలేదు.