కొరమేను ముల్లు

తమ్ముడు రత్తయ్య ఇంట్లో కొరమేను పులుసు తిన్న రోజు నుంచీ నా గొంతులో ముల్లుంది. ఉత్త అన్నం ముద్ద చేసి మింగాను. అరటిపండు మింగాను. కదల్లేదు. నీళ్లు దిగుతాయి, అన్నం దిగదు. చొక్కా వదులైపోయింది. రాచపుండేమోనని భయం. ఆ మాట మా ఆవిడ రావమ్మతో అనలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర గొంతు డాక్టరమ్మ హరిచందన గారు సన్నటి గొట్టం ముక్కులోంచి దింపి చూశారు.

"ముల్లేమీ లేదండీ హనుమయ్య గారూ. పుండు కూడా లేదు. గొంతు కండరాలు బిగుసుకున్నాయి, బీపీ ఎక్కువుంది. ఏమన్నా దిగమింగుకుంటున్నారా?"

"కొరమేను ముల్లేనండీ," అన్నాను.

రావమ్మ నా వంక చూసింది. "కొరమేనుకి నడిముల్లు తప్ప ఇంకో ముల్లెక్కడిదయ్యా? ఈయన మింగింది చేపని కాదండీ డాక్టరు గారూ. తమ్ముడు ఏటా గట్టు చెక్కి మా చేలోకి జరుపుతుంటే అది మింగుతున్నారు. ఆ రోజు పులుసు వడ్డిస్తా, 'మా అన్నయ్యకి నోట్లో నాలుక లేదు' అని అందరి ముందూ నవ్వాడు. ఈయనా నవ్వారు."

"కోపం లోపలే పెట్టుకుంటే ఒళ్లు ఎక్కడో చోట చూపిస్తుందండీ," అన్నారు డాక్టరమ్మ. "మీ తమ్ముడితో ఒకసారి మాట్లాడండి."

నాకు అర్థం కాలేదు. గట్టు పొలంలో ఉంది. ముల్లు గొంతులో ఉంది. పామర్రు బస్సులో దారంతా గొంతు తడుముకుంటూ కూర్చున్నాను. కోపం ఉంటే నాకు తెలియదా? పెద్దవాడివి, సర్దుకుపో అనేవాడు నాన్న. సర్దుకున్నాను. దాన్ని కోపం అంటారని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పొలం వెళ్లేసరికి రత్తయ్య గట్టు మీద పార పట్టుకుని ఉన్నాడు.

"ముల్లు తీశారా అన్నయ్యా?"

"లేదంట."

"మరింకేం, భయం లేదుగా," అని పార దించాడు. నా చేను వైపే. మట్టిపెళ్ల ఊడింది.

గొంతులో గుచ్చుకుంది. మింగబోయాను. మింగుడు పడలేదు.

"రత్తయ్యా, గట్టు వెనక్కి జరుపు."

బొంగురుగా వచ్చింది, పక్కన ఇంకెవరో అన్నట్టు. వాడు నా నోటి వంక చూశాడు.

"ఏంటన్నయ్యా, డాక్టరమ్మ నాలిక కూడా పెట్టిందా?" అన్నాడు. నవ్వలేదు.

"జరుపు," అన్నాను మళ్లీ.

వాడు పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గట్టు జరుపుతాడో, నాతో మాటలు మానేస్తాడో తెలియలేదు.

ఇంటికొచ్చి చద్దన్నం ముందు కూర్చున్నాను. ముద్ద దిగింది. ఇంకోటీ దిగింది. రావమ్మ ఆవకాయ వేసింది. తమ్ముడితో మాట చెడి వచ్చినవాడికి ఆకలెందుకేస్తుందో నాకు తెలియలేదు. ఇంకాస్త పెట్టమన్నాను.