టారబూల్ జట్టూ, నా గొంతూ

పుట్టుకకి నేను ఒక లారీ హారన్‌ని. బతుకు మాత్రం ఒక బుల్లి కారు మూతి కింద గడిచిపోయింది. మేకపిల్ల నోట్లో ఏనుగు గొంతు పెట్టినట్టుండేది నా సంగతి. అందులో నా తప్పేం లేదు, మేకపిల్ల తప్పూ లేదు. తప్పులన్నీ మనుషులవే. అవి మోగేది మాత్రం నా గొంతుతో.

నన్ను తయారుచేసింది కోయంబత్తూరు దగ్గర ఒక కార్ఖానాలో. రేకు వంచి, లోపల పల్చటి బిళ్ళ బిగించి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టి ఒకసారి మోగించి చూశారు. ఆ ఒక్క కూతకి పక్క బల్ల దగ్గర మనిషి ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాడు. "ఇది పాస్" అన్నారు. నాతోపాటు పుట్టినవి చాలావరకు విజయవాడ, హైదరాబాదు లారీలకి వెళ్ళాయి. వాటికి అక్కడ క్షణం తీరిక ఉండదట. ఎర్రలైటు దగ్గర బండి ఆగినా అవి మోగుతూనే ఉండాలట. రెండేళ్ళకే గొంతు బొంగురుపోతుందట.

నన్ను మాత్రం ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపారు. ఈ దేశంలో హారన్ కొట్టడమంటే నలుగురిలో తిట్టినంత పని. గొర్రెలను మోసే లారీలో పదకొండేళ్ళున్నాను. బాగా గుర్తున్న కూతలు రెండే. ఒకసారి రోడ్డుకి అడ్డంగా ఆవు నిలబడింది. ఇంకోసారి డ్రైవరు మోచెయ్యి పొరపాటున తగిలింది. ఆ రెండోసారి అతను కిటికీలోంచి తల బయటపెట్టి, మనిషి జాడ లేని రోడ్డుకి సారీ చెప్పాడు.

లారీ తుక్కుకి పోయాక నేను గ్యారీ అనే మెకానిక్ షెడ్డులో అటక మీదికి చేరాను. ఊరి పేరు టారబూల్. ఒక రోడ్డు, ఆకాశంలోకి లేచిన గోధుమ గాదెలు, ఒక సారా దుకాణం, ఒక ఫుట్‌బాల్ గ్రౌండు. ఆ నాలుగూ తీసేస్తే మిగిలేది గాలి.

ఆ ఊళ్ళో పశువుల డాక్టరు పేర్రాజు. అమలాపురం దగ్గరివాడు. ఒక సాయంత్రం అతని కారుకి కంగారూ అడ్డం రావడంతో కారు ముక్కు పచ్చడైంది. ముక్కు సరిచేసిన గ్యారీ, హారన్ మాత్రం పట్నంనుంచి రావాలి, రెండు వారాలు పడుతుందన్నాడు.

"ఏదో ఒకటి తగిలించవయ్యా. నేను మోగిస్తానా ఏమన్నానా!" అన్నాడు పేర్రాజు.

గ్యారీ అటక మీదికి చెయ్యిపెట్టి నన్ను దింపాడు. పేర్రాజు అన్నమాట ప్రకారం నన్నెప్పుడూ మోగించలేదు. మోగించింది అతని భార్య హైమ.

హైమ బి.యస్సీ చదివింది, వృక్షశాస్త్రం. టారబూల్‌లో ఆ చదువుకి దొరికిన పని ఏమిటంటే, కరివేపాకు మొక్క మంచుకి ఎందుకు చచ్చిందో శాస్త్రీయంగా తెలుసుకోవడం. మూడు మొక్కలు చచ్చాయి. మొదటి ఏడాది ఆమెతో మాట్లాడినవాళ్ళలో మొగుడు పోగా మిగిలింది పోస్టు మనిషి. అతను కూడా "మంచి ఎండ" అనేవాడు, ఎండ లేని రోజున "వాన వస్తుంది" అనేవాడు. అంతకు మించి పెరగలేదు ఆ స్నేహం.

అలాంటి రోజుల్లో పక్కింటి మోరీన్ వచ్చి తలుపు తట్టింది. ఫుట్‌బాల్ గ్రౌండులో క్యాంటీను నడిపేది ఆవిడే. "శనివారం ఉల్లిపాయలు తరగడానికి వస్తావా డార్లింగ్?" అని అడిగింది. ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ గంటసేపు తరిగే ఉల్లిపాయల్ని హైమ ఒక్కతే పావుగంటలో తరిగి, ఇంకా ఉన్నాయా అన్నట్టు చూసింది. ఆ రోజునుంచి ఆ ఊళ్ళో హైమకి ఒక చోటు ఏర్పడింది. తరగడం అయ్యాక ఆట చూడటానికి కారులో కూర్చునేది. అలా అంటుకుంది జబ్బు.

ఈ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుండ్రటి గ్రౌండు, కోడిగుడ్డు ఆకారం బంతి, వైపుకి పద్దెనిమిది మంది, నాలుగు క్వార్టర్ల ఆట. చివర నాలుగు స్తంభాలు. మధ్య రెండిటి నడుమ బంతి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. కొంచెం గురితప్పి పక్క స్తంభాల సందులోంచి పోయినా, పాపం దగ్గరదాకా వచ్చావు కదా అని ఒక పాయింటిస్తారు. తప్పుకి కూడా బహుమతిచ్చే ఆట ఇదొక్కటే అనుకుంటాను. గోలైతే అక్కడున్న అంపైరు రెండు జెండాలు ఊపుతాడు, పక్కకి పోతే ఒకటి. పల్లెటూళ్ళలో జనం కార్లని గ్రౌండు చుట్టూ ముక్కులు లోపలికి పెట్టి నిలుపుతారు. గోల్ పడితే మోగిస్తారు హారన్లు! వారమంతా నోరు కట్టేసుకున్న ఊరు శనివారం మధ్యాహ్నం గొంతు విప్పుతుంది.

హైమకి డ్రైవింగ్ రాదు. అందుకని కారు ఆపగానే మొగుణ్ణి పక్క సీట్లోకి తరిమి, తను స్టీరింగు ముందు కూర్చునేది. అతను పేపరు కప్పుకుని కునుకు తీసేవాడు.

ఇబ్బందల్లా టారబూల్ గోల్స్ వెయ్యకపోవడం. గెలిచి రెండేళ్ళు దాటింది. నేను ఒక సీజనంతా కలిపి మోగింది, విజయవాడలో నా తోబుట్టువు ఒక్క సిగ్నలు దగ్గర మోగినంత ఉండదు. అయినా ప్రతి శనివారం పొద్దున్నే జట్టు జాతకం హైమ నోట పలికేది.

"ఈ వారం మనదేనండీ. మొన్న అరవై ఒకటి తేడాతో పోయాం, అంతకుముందు తొంభై నాలుగు. తగ్గుతూ వస్తోంది చూశారా?"

"ఆ లెక్కన ఇంకో నెలకి కప్పు కూడా నీ వంటింట్లోనే ఉంటుంది," అనేవాడు పేర్రాజు.

"వెటకారం వద్దు. మెకానిక్ గ్యారీ మోకాలు నయమైంది, ఈ వారం ఆడతాడు. గాలి గాదెలవైపు నుంచి వీస్తోంది. మొదటి క్వార్టర్లో ఆ గాలి వాడుకుని నాలుగు గోల్స్ కొడితే..."

"గాలికి గోల్స్ కొట్టడం వస్తే మనవాళ్ళతో పనేముందే?"

"మీరు పడుకోండి. గొర్రెలకి సూదులు పొడుచుకునేవాళ్ళకి ఏం తెలుస్తుంది!"

ఆమె లెక్కల్లో పొరపాటు ఉండేది కాదు. గ్యారీ మోకాలు నిజంగానే నయమయ్యేది, గాలి నిజంగానే అటునుంచే వీచేది. ఓడిపోవడం మాత్రం మానేది కాదు జట్టు. నేను మూతి కింద చల్లగాలికి బిగుసుకుని, నొక్కితేనే మాట్లాడగల దాన్ని గనక, నొక్కేదాకా ఊరుకునేదాన్ని.

ఆ ఏడాది మోరీన్ ఒక కబురు తెచ్చింది. ఊళ్ళో కుర్రకారు తగ్గిపోయింది, పద్దెనిమిది మందిని పోగెయ్యడమే గగనమవుతోంది. సీజను అయ్యాక సభ్యులు ఓటు వేస్తారు. క్లబ్బుని నలభై కిలోమీటర్ల అవతల డన్‌స్టన్ జట్టులో కలిపెయ్యాలా, వద్దా అని. కలిపితే ఇక్కడ ఆటలుండవు. క్యాంటీనుకి తాళం.

"ఒక్కటి గెలిస్తే చాలు," అంది మోరీన్ కారు కిటికీ మీద మోచేతులానించి. "గెలిచిన జట్టుని చంపడానికి చెయ్యెత్తేవాళ్ళు తక్కువ."

హైమ ఆ మాటని పట్టుకుంది. శనివారం పోతే ఆమెకి వారంలో మిగిలేవి ఆరు రోజులే, ఆ ఆరూ ఒకేలాంటివి. ఆ సంగతి ఆమె మొగుడితో అనలేదు. స్టీరింగు మీద చేతులేసుకుని, బిగుసుకుని కూర్చునేది. చెమటకి తడిసిన ఆ అరచేతుల బరువు నాదాకా తెలిసేది.

ఒక్కటీ గెలవకుండానే ఆఖరి మ్యాచ్ వచ్చింది. ఎదుటి జట్టు డన్‌స్టనే. ఆ రోజు పొద్దున హైమ జాతకం చెప్పలేదు. అది చూసి పేర్రాజే కంగారుపడి, "ఈ వారం మనదేనే" అన్నాడు. ఆమె కారెక్కి కూర్చుంది.

చిత్రంగా, ఆ రోజు టారబూల్ ఆడింది. ఎందుకు ఆడిందో ఎవరికీ తెలీదు. ఆరబోయే దీపం ధోరణి కావచ్చు. ఆఖరి క్వార్టరు చివరికొచ్చేసరికి మనవాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు. పేర్రాజు పేపరు మడిచేశాడు. ఈ గ్రౌండులో గడియారం కనబడదు. రేకు గదిలో కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు టైము చూసి సైరన్ మోగిస్తారు. అది మోగి, గ్రౌండు లోపలి అంపైరు చేతులెత్తేదాకా ఆట ఉన్నట్టే.

బంతి గ్యారీ చేతికొచ్చింది. తన్నాడు. పైకి లేచిన బంతి గాలిలో తిరుగుతూ స్తంభాలవైపు వెళ్ళింది. మా కారు ఉన్న మూలనుంచి చూస్తే అది సరిగ్గా మధ్యలోంచి దూసుకుపోయినట్టే ఉంది.

"గోలండీ!"

రెండు చేతులూ పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. రెండేళ్ళ ఓటమి, మూడు కరివేపాకు మొక్కలు, అన్నీ కలిపి నొక్కింది. నేను మోగాను. ఏం చెయ్యను? మోగనని చెప్పే గొంతు నాకివ్వలేదు. కారు హారన్‌లా కీచుగా కాకుండా, లారీ గొంతుతో, పొడుగ్గా, నిండుగా, బొంయ్‌మని మోగాను.

బంతి స్తంభానికి ఇవతలినుంచి పోయింది. ఊగింది ఒక్క జెండా.

కాని అటు ఎవరూ చూడలేదు. సైరన్ అనుకున్నారు. టారబూల్ ఆటగాళ్ళు చేతులు పైకెత్తి ఒకళ్ళనొకళ్ళు కౌగలించుకున్నారు. గ్యారీ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని ముద్దెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న కార్లన్నీ నాకు వంతపాడాయి. అంపైరు చేతులెత్తకపోవడం చూసింది ఒక్కడే, డన్‌స్టన్ వెనక వరస ఆటగాడు. వాడు బంతి తీసుకుని తన్నాడు. అటువాళ్ళు ఇద్దరు పరుగెత్తారు. అడ్డం వచ్చేవాడు లేడు. ఈ చివరినుంచి ఆ చివరికి, పెళ్ళిపందిట్లోంచి చెప్పులు ఎత్తుకుపోయినంత తేలిగ్గా బంతిని తీసుకెళ్ళి గోల్ కొట్టారు. అప్పుడు మోగింది అసలు సైరన్.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

హైమ చేతులు ఒళ్ళో పడ్డాయి. "ఎవరూ చూళ్ళేదు కదండీ?" అంది.

"అన్ని కార్లూ మోగాయే. ఎవరిది ముందో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు పేర్రాజు, నా వైపున్న బానెట్‌ని చూస్తూ.

"నాకు తెలుసు కదా."

ఆ వారమంతా ఆమె బయటికి రాలేదు. మోరీన్ తలుపు తడితే తలనొప్పి అంది. ఓటింగు ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో. పేర్రాజు కారుని హాలు గోడ పక్కనే, తెరిచిన కిటికీ కింద ఆపాడు. అందువల్ల లోపలిదంతా నాకు వినబడింది.

అధ్యక్షుడు విషయం చెప్పగానే కుర్చీ కిర్రుమంది. హైమ లేచింది.

"ఓటుకి ముందు ఒక మాట. ఆ రోజు మొదట మోగింది మా కారు. జెండా చూడకుండా నొక్కాను. మీరు ఓడిపోయింది నావల్ల. ఆ ఓటమి చూసి చెయ్యెత్తకండి."

తరవాత మోరీన్ గొంతు వినిపించింది, రొట్టెకి వెన్న రాస్తున్నంత మామూలుగా.

"మాకు తెలుసు డార్లింగ్. ఈ ఊళ్ళో అలాంటి గొంతున్న బుల్లికారు ఎన్నున్నాయనుకున్నావు? అప్పుడే తెలుసు అందరికీ. కూర్చో, టీ చల్లారిపోతోంది."

"మోగించినవాళ్ళ సంగతి సరే, ఆట ఆపేసినవాణ్ణి నేను," అన్నాడు గ్యారీ. "పైగా దాన్ని బిగించింది కూడా నేనే." ఎవరో నవ్వారు. నవ్వు గోడలకి తగిలి ఆగిపోయింది.

ఎవరైనా ఒక్కరు తిట్టి ఉంటే హైమ తట్టుకునేది. తిట్టుకి బదులుంటుంది. ఈ టీకి ఏం బదులు చెప్పాలి? వారం రోజులు ఊరంతా తెలిసి, ఒక్కరూ అనకుండా ఊరుకున్నారు. ఆమె తలనొప్పిని కూడా నమ్మినట్టు నటించారు.

ఓటు పడింది. వద్దన్న చేతులు పందొమ్మిది. కలిపేద్దామన్నవి ముప్పై నాలుగు. వాటిలో గ్యారీ చెయ్యి ఉందట. మోరీన్ చెయ్యి కూడా.

జనం బయటికొస్తుంటే కారు పక్కనే హైమ మోరీన్‌ని ఆపింది.

"ఆ రోజు గెలిచుంటే, అలా చెయ్యెత్తేవారా?"

మోరీన్ వెంటనే కాదనలేదు. అది హైమ చూసింది, నేనూ చూశాను. "నాకు డెబ్బై ఒకటి హైమా. పొయ్యి దగ్గర నిలబడితే కాళ్ళు వాస్తున్నాయి. మనవాళ్ళకి వచ్చే ఏడు పన్నెండు మంది కూడా లేరు." కాలు మార్చుకుని నిలబడింది. "గెలిచుంటే... ఏమో డార్లింగ్. నిజంగా తెలీదు."

ఆ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ దొరకలేదు. నావల్ల ఒక క్లబ్బు పోయిందా, పోయేదే పోతూ పోతూ నా కూత వినబడిందా? మనుషులకే తెలియంది రేకు బిళ్ళకేం తెలుస్తుంది?

మర్నాడే హైమ మొగుణ్ణి వెంటబెట్టుకుని గ్యారీ షెడ్డుకొచ్చింది. "దీన్ని తీసేసి మామూలుది పెట్టు" అంది. గ్యారీ పానా అందుకున్నాడు. నాలుగు మరలు విప్పి నన్ను తీసి పాత ఇనుము డ్రమ్ములో వేశాడు. నా చోట కొత్తది బిగించి ఒకసారి నొక్కి చూపించాడు. పిచిక కూసినట్టు కూసింది. హైమ తలూపింది. డ్రమ్ము వైపు చూడలేదు.

అప్పటినుంచీ నా కాపురం ఇక్కడే, తుప్పుపట్టిన సైలెన్సర్ల మధ్య. శనివారాలు షెడ్డు మూసేసి ఉంటుంది. ఊళ్ళో కార్లన్నీ పొద్దున్నే డన్‌స్టన్ రోడ్డు పడతాయి. సోమవారం మాత్రం గ్యారీ, పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళతో ఆట కబుర్లు చెబుతాడు. హైమ అక్కడ కూడా ఉల్లిపాయలు తరుగుతోందట. ఇప్పుడు ఆమె జట్టు గెలిచే జట్టు. అయినా జాతకం చెప్పడం మానలేదట. ఈ ఏడు ఫైనల్స్‌కి వెళ్తాం కాని ఎడమ పక్క బలం చాలదు, గ్యారీకి మోకాలిచిప్ప కట్టు కావాలి అందట.

నిన్న ఇంకో మాట చెప్పాడు. గోల్ పడితే అన్ని కార్లూ మోగుతాయట, హైమ కారు తప్ప. ఆమె ముందు స్తంభాల దగ్గరున్న అంపైరుని చూస్తుందట. వాడు ముందుకొచ్చి, జెండాలు రెండూ తీసి, రెండూ ఊపేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందట. ఆ తరవాత, మిగతా హారన్లన్నీ ఆగిపోయాక, ఒక్కసారి, వేలి కొసతో నొక్కుతుందట.