సీటు కింద పౌలు చెయ్యి

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. మా ఆయన పోయాక మనుమరాలి పక్కన కూర్చొని నేర్చుకున్న అక్షరాలివి. నెమ్మదిగా రాస్తాను. కథ మాత్రం తిన్నగానే చెప్తాను.

కరుణాకర్ వచ్చేసరికి చెన్నూరులో సత్తవ్వ ఇంటి ముందు కూర్చొని బియ్యం చెరుగుతోంది. భర్త పౌలు చనిపోయాక ఆమె దగ్గర పాత వ్యాను కొన్నది ఈ కరుణాకరే.

"వదినె, గా బండి నిన్నటిసంది సచ్చి పడ్డది. సెల్ఫ్ తిరుగుతది, ఇంజన్ అంటుకోదు. గీ బండి నన్నెన్నడు నడుమల ఆపలేదని పౌలన్న ఎంత గొప్పలు చెప్తుండె! రోగం దాచిపెట్టి మోసం చేసిండు."

ఆమె చేతిలో చాట ఆగిపోయింది. పౌలును మొండివాడన్నా ఆమె ఒప్పుకునేది. మోసం అన్న మాట మాత్రం ఆయన పేరు పక్కన ఎన్నడూ వినలేదు.

"నడువు, నేనొచ్చి చూస్త."

"నువ్వేమన్న మేస్త్రివా వదినె?"

"నేను గా బండ్ల కూసున్నన్ని రోజులు నువ్వు బడిల గూడ కూసోలే. నడువు."

షెడ్డులో బండ్లు బాగుచేసే మేస్త్రి అంతయ్య చేతులు తుడుచుకుంటున్నాడు. బ్యాటరీ, ప్లగ్గులు, పెట్రోలు అన్నీ చూశాడట. "ఇగ వైర్లన్ని కోసి కొత్తయి ఎయ్యాలె," అన్నాడు.

సత్తవ్వ బండి ఎక్కి, పౌలు పక్కన తాను కూర్చునే సీట్లోనే కూర్చుంది. ఎండలో కాగిన రెగ్జిన్ వాసన అట్లాగే ఉంది. ఆదివారం ఊరూరా ఆగి జనాన్ని గుడికి ఎక్కించుకొచ్చేవారు. పత్తి కాలంలో ఇదే బండిలో ఏరేవాళ్లతో ఆదిలాబాద్ దాకా పోయేవారు. ఎటు పోయినా తాళం తిప్పే ముందు పౌలు తల వంచేవాడు. వెనక అందరూ కళ్లు మూసుకునేవారు. ఆయన తల ఎత్తగానే "ఆమెన్" అని బండి దద్దరిల్లేది. అప్పుడే ఇంజను అందుకునేది.

"కరుణాకర్, ముందుగాల ప్రార్థన చేసి తాళం తిప్పు."

అంతయ్య నవ్వాడు. "గిదొక్కటే మిగిలింది. కానియ్యుండ్రి!"

కరుణాకర్ స్టీరింగు ముందు కూర్చొని, వెటకారంగా రెండు చేతులూ జోడించి తల వంచాడు. సత్తవ్వ అతని చేతులనే చూస్తూ ఉండిపోయింది. పౌలు అట్లా జోడించేవాడు కాదు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి కింద. "రెండు చేతులు పెట్టరాదా దేవునికి?" అని ఆమె కసిరితే, "ఆయనకు ఒక్కటి చాలు, ఇంకోటి బండికి," అని నవ్వేవాడు.

"అంతయ్యా, ఎడమచెయ్యి పోయే కాడ, సీటు కింద చూడు."

అంతయ్య పడుకొని లోపలికి చెయ్యి పోనిచ్చాడు. "ఓరి! బుడ్డ స్విచ్చున్నది. గిది బందుంటె తాళం ఎంత తిప్పినా మంట రాదు. బండ్లు ఎత్తుకపోయే దొంగల కోసం పెట్టిచ్చిండు. మొన్న సీట్లకు కొత్త కవర్లు ఎయ్యంగ చెయ్యి తగిలినట్టుంది."

"మరి ఇన్నొద్దులు ఎట్ల నడిచింది?" అన్నాడు కరుణాకర్.

సత్తవ్వకు తెలుసు. పౌలు ఆఖరుసారి కరీంనగర్ ఆసుపత్రి ముందు బండి దిగినప్పుడు, ఆ చెయ్యి సీటు కిందికి పోలేదు. ఆమె భుజం మీదికి వచ్చింది. అప్పటినుంచీ స్విచ్చు వేసే ఉంది.

"నీకు గూడ చెప్పలేదా వదినె?"

"నాకు చెప్తె గుడంత చెప్పినట్టే అనుకున్నడు గావచ్చు," అని ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గట్లయితె అన్న ప్రార్థన చెయ్యనే లేదన్నట్టా?"

"పెదవులు కదిలేటివి. నేను దొంగసాటుగ చూసేదాన్ని."

"పౌలన్నను అనరాని మాటన్న. మనసుల పెట్టుకోకు వదినె. ఇంటికాడ దించుత," అన్నాడు కరుణాకర్. తల వంచి సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. అతను తల ఎత్తగానే సత్తవ్వ నోట "ఆమెన్" వచ్చేసింది. బయట నిలబడ్డ అంతయ్య కూడా అన్నాడు. బండి అందుకుంది.

— ప్రిస్కిల్లా, అరవై ఏడేండ్లు. ఇప్పుడు ఉండేది మెట్‌పల్లిలో.