టీ బాగుంది

అబెర్‌హెల్‌లో పొద్దున్నే ఏ ఇంట్లోనైనా మొదట వినిపించే మాట "టీ ఎలా ఉంది?" అన్నదే. వాన కురిసినా సరే, ఎండ కాసినా సరే. అయినా అక్కడ ఎండ కాసే రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముందు టీ తాగాలి, ఎలా ఉందో చెప్పాలి, ఆ తర్వాతే బూట్లు తొడుక్కోవాలి. ముప్పై రెండు ఇళ్ళు, దిబ్బ మీద చాపెల్ అని పిలిచే చిన్న చర్చి, ఒక దుకాణం, వాటి ముందు కరకట్ట. పోటు తీసినప్పుడు కట్ట అవతల మైలు పొడవునా ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుక గీరి గుల్లలు ఏరుకుని బతికే ఊరు అది. సముద్రం ఎవరి మీద కన్నేసిందో తెలియకపోతే అక్కడ బతకడం కష్టం. అందుకే కన్ను పడిన మనిషికి టీ ఉప్పగా తగులుతుంది. అదే కెటిల్, అవే పాలు. పక్కన కూర్చున్నవాళ్ళకి తియ్యగానే ఉంటుంది, ఆ ఒక్క నాలుకకే ఉప్పు.

అలా తగిలిందని ఎవరూ గుండెలు బాదుకోరు. గేటుకి తెల్ల తువ్వాలు కడతారు. ఆ మనిషి కట్ట దిగకుండా ఇంటిపట్టున ఉంటాడు. ఇరుగుపొరుగు వచ్చి కబుర్లు చెప్పి పోతారు. మూడు రోజులకో నాలుగు రోజులకో టీ మళ్ళీ తియ్యగా మారుతుంది, తువ్వాలు విప్పేస్తారు.

కప్పుల విషయంలో మాత్రం ఊరంతా మహా పట్టుదల. ప్రతి వంటింటి అలమరకీ వరసగా కొక్కేలు, కొక్కేనికొకరి కప్పు. చాపెల్‌లో విందు జరిగినా ఎవరి కప్పు వాళ్ళు సంచిలో పెట్టుకుని వెళ్తారు. ఒకరి కప్పులోని ఉప్పు టీని ఇంకొకరు తెలిసే అడుగుదాకా తాగేస్తే, ఆ ఉప్పు తాగినవాళ్ళదైపోతుంది. అలా తాగిపెట్టమని అడగడం ఆ ఊళ్ళో బూతు కన్నా హీనం. తాగుతానని ముందుకు రావడం కూడా అంతే, అవతలి మనిషి చావు గురించి పైకి మాట్లాడినట్టు.

మెన్నా ఈ ఊరికి కోడలై వచ్చి పదకొండేళ్ళు. కొండల్లో గొర్రెలు కాసే ఇంటి పిల్ల. గుల్లలు ఏరడం మొగుడు హెవిన్ దగ్గర నేర్చుకుంది, టీ పెట్టడం మాత్రం అత్తగారు తెగ్వెన్ లెక్కలో ఇప్పటికీ నేర్చుకోలేదు.

"టీ ఎలా ఉంది అత్తయ్యా?"

"దీనికన్నా కుడితి నయం."

పదకొండేళ్ళుగా రోజూ ఇదే. పాలు ఎక్కువయ్యాయనో, ఆకు మాడిందనో, కాకపోతే కప్పు సరిగా కడగలేదనో. దానికీ ఒక కథ ఉంది. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక పొద్దున తెగ్వెన్ మొగుడు ఇథెల్ టీ తాగి, "టీ బాగుంది" అని కప్పు కింద పెట్టి వెళ్ళాడు. ఆ రోజు ఇసుకలో గుల్లలు కుప్పలు తెప్పలుగా బయటపడ్డాయి. ఊరి మగాళ్ళందరూ కట్ట దిగుతుంటే గేటుకి తువ్వాలు కట్టి ఇంట్లో కూర్చోవడం ఆయనకి నామోషీ అనిపించి ఉంటుంది. మూడో రోజు శవమై దొరికాడు. సముద్రం చెప్పకుండా ఎవర్నీ తీసుకుపోదు కాబట్టి ఆయన అబద్ధం చెప్పాడని అందరికీ తెలుసు. అప్పట్నించి "బాగుంది" అన్న మాట తెగ్వెన్ నోట రాలేదు. అందుకు కారణం ఇథెల్ అని ఊరు అనేది. కారణం తనేనని మెన్నా అనుకునేది.

సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున మెన్నా టీ నోట్లో పోసుకుని ఆగిపోయింది. గుల్లలు కడిగిన చెయ్యి కదా అనుకుని సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. కెటిల్ కడిగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఉప్పే.

"హెవిన్, తువ్వాలు కట్టు," అంది.

హెవిన్ కూతురు ఆనెస్ట్ వైపు చూసి, తువ్వాలు తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ పిల్లకి ఆరేళ్ళు. తెగ్వెన్ ఆ పొద్దున టీకి వంక పెట్టలేదు. అసలు టీ తాగలేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఉప్పు తగ్గలేదు. ఆరు రోజులు, ఎనిమిది రోజులు. మొదట్లో రోజుకి నలుగురు వచ్చేవాళ్ళు. ఎనిమిదో రోజున దుకాణం బెతీ ఒక్కతే వచ్చింది, పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు గుడ్డలో చుట్టుకుని. కూర్చుందన్న మాటే గానీ ఆమె చూపు తలుపు పక్కన వేలాడుతున్న సముద్రపు పోటు వేళల పుస్తకం మీదే ఉంది.

"ఇరవై ఎనిమిదో తారీఖు చూశావా మెన్నా?"

"ఏముంది ఆ రోజు?"

"ఏడాది మొత్తానికి అదే పెద్ద పోటు. పొద్దున ఎనిమిదీ నలభైకి." బెతీ గొంతు తగ్గించింది. "నువ్వు కట్ట దిగడం లేదు కదా, అందుకని..."

మిగతాది మెన్నాకి అర్థమైంది. సముద్రం తన కోసం కాచుకుని ఉండటం లేదు. అదే వస్తోంది.

మర్నాడు బస్సెక్కి కొండల్లో ఉన్న అక్క ఐరియన్ ఇంటికి వెళ్ళిపోయింది. సముద్రానికి నలభై మైళ్ళ దూరం. అక్కడ కిటికీలోంచి చూస్తే గొర్రెలూ రాతి గోడలూ తప్ప ఏమీ కనపడవు. రాత్రి హాయిగా నిద్రపోయింది. పొద్దున లేచేసరికి గొర్రెలన్నీ ఇంటి చుట్టూ చేరి గోడల మీది ఉప్పుని నాకుతున్నాయి. వంటింటి తొట్టిలో పచ్చి నాచు. అక్క పిల్లలిద్దరూ గుమ్మంలో కూర్చుని గుల్లలు ఏరుకుంటున్నారు.

"పిన్నీ, చూడు ఎన్నున్నాయో! రాత్రి నువ్వు తెచ్చావా?"

ఐరియన్ కెటిల్ పొయ్యి మీద పెట్టబోయింది. మెన్నా వద్దంది. టీ తాగి చూడాల్సిన అవసరం కనిపించలేదు.

"ఉండవే, రెండు రోజులు ఉండు," అంది అక్క. కానీ ఆమె చేతులు అప్పటికే పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కున్నాయి. మెన్నా అది చూసింది, తప్పు పట్టలేదు. తనైనా అదే పని చేసేది. పదిన్నర బస్సుకి తిరిగి వచ్చేసింది.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో మెన్నాకే తెలియాలి. అన్నిటికన్నా వింత, చచ్చిపోతానన్న భయం కన్నా ఆనెస్ట్ జడ గురించిన భయం ఎక్కువైంది. ఆ పిల్ల జుట్టు చిక్కు పడితే ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అందుకని హెవిన్‌ని కూర్చోబెట్టి జడ వేయడం నేర్పించింది. మనిషి పడవ తాళ్ళు కట్టీ కట్టీ, కూతురి జుట్టు కూడా అలాగే బిగించాడు. పిల్ల కెవ్వుమంది.

"ఆ పిల్లేమన్నా పారిపోతుందట్రా, అలా కట్టేస్తున్నావు?" అంది తెగ్వెన్ మూల కుర్చీలోంచి.

"నువ్వు నేర్పించమ్మా మరి," అన్నాడు హెవిన్ చిరాగ్గా.

తెగ్వెన్ తన వేళ్ళు చూసుకుంది. కీళ్ళవాతంతో అవి ఎప్పుడో కొంకర్లు పోయాయి. మెన్నా కూతురి జడ విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. పాయ జారిపోయింది, మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారిపోయింది. ఏడుపు ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయింది. ముసలావిడ ఆ తలుపు వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున ఊరంతా దిబ్బ మీది చాపెల్‌కి ఎక్కింది. మెన్నా రానంది. తను ఎక్కడుంటే సముద్రం అక్కడికి వస్తుంది, అందరి మధ్యకీ దాన్ని తీసుకెళ్ళడం ఎందుకు? హెవిన్ కదలనన్నాడు. మెన్నా అతని రెండు చేతులూ పట్టుకుంది.

"పిల్ల చెయ్యి వదలకు. నేను అడిగేది అదొక్కటే. అది కిందకి పరిగెత్తుకొచ్చినా వదలకు."

గేటు దగ్గర ఆనెస్ట్‌ని ముద్దు పెట్టుకుంది. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే వెళ్ళింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా మెన్నా అక్కడే నిలబడి, గుమ్మానికి అడ్డంగా పేర్చిన ఇసుక బస్తాల మీదుగా అడుగేసి ఇంట్లోకి వచ్చింది.

తెగ్వెన్ వంటింట్లోనే ఉంది. "ఆ మెట్లు నా మోకాళ్ళు ఎక్కవు," అంది, అడక్కుండానే. బల్ల మీద రెండు కప్పుల్లో టీ పొగలు కక్కుతోంది. అత్తగారు టీ పెట్టడం ఈ పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. మెన్నాకి ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు. కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగింది.

తియ్యగా ఉంది.

ఇంకో గుక్క. తియ్యగానే ఉంది. పాలు, చక్కెర, ఆకు, అంతే.

"అత్తయ్యా! తియ్యగా ఉంది! పోయింది, ఉప్పు పోయింది!"

"అరవకు. నాకింకా చెవుడు రాలేదు."

మెన్నా నవ్వింది, ఏడ్చింది, లేచి మళ్ళీ కూర్చుంది. పైకి పరిగెత్తి హెవిన్‌కి చెప్పాలనుకుంది. పదిహేను రోజుల తర్వాత ఊపిరి నిండా గాలి అందింది. తెగ్వెన్ తన కప్పు రెండు చేతులతో ఎత్తి, నెమ్మదిగా ఒక గుక్క తాగి, కిటికీలోంచి కట్ట వైపు చూసింది.

"టీ బాగుంది," అంది.

మెన్నా నవ్వు నోట్లోనే గడ్డకట్టింది.

"ఏమన్నారు?"

"బాగుందన్నాను. ఏం, అనకూడదా?"

మెన్నా చేతిలో కప్పుని చూసుకుంది. పిడి దగ్గర ఇంకా తడిగా ఉంది. ఎవరో ఇప్పుడే కడిగారు. తను గేటు దగ్గరున్నప్పుడు ముసలావిడ ఇందులో టీ పోసింది, అడుగుదాకా తాగింది, కడిగి మళ్ళీ పోసింది.

"నా కప్పులో తాగారా?"

తెగ్వెన్ ఇంకో గుక్క తాగింది.

"అత్తయ్యా, నా కప్పులో తాగారా లేదా?"

"డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయే నాకు. ఆ పిల్లకి జడ వేయడానికి నా వేళ్ళు వంగవు, నీవి వంగుతాయి. ఇంకేం మాట్లాడకు. పైకి వెళ్ళు, టైము లేదు."

"ఇవ్వండి మీ కప్పు."

"ఇవ్వను."

పదకొండేళ్ళలో అత్తగారి చేతిలోంచి మెన్నా ఏదీ లాక్కోలేదు. ఇప్పుడు లాక్కుంది. బల్ల మీద టీ ఒలికింది. గటగటా తాగింది. సగం దాకా తియ్యగానే ఉంది. సగం దాటగానే నాలుక అంచున ఉప్పు మొదలైంది. తెగ్వెన్ ఆ కొంకర్ల వేళ్ళతోనే కప్పు లాగేసుకుంది.

"నీకు బుద్ధుందటే? పిల్లతల్లివి!"

మిగిలిన సగం ఆవిడ తాగేసి, ఖాళీ కప్పుని బల్ల మీద బోర్లించింది. ఇద్దరూ దాని వైపే చూస్తూ కూర్చున్నారు. ఇలా చెరి సగం తాగినవాళ్ళు ఆ ఊళ్ళో అంతకు ముందు లేరు. ఏమవుతుందో చెప్పేవాళ్ళు లేరు.

గోడ గడియారంలో ఎనిమిదీ నలభై అయింది.

హోరేమీ వినపడలేదు. తలుపు కింద నుంచి నీళ్ళు మెల్లగా లోపలికి వచ్చాయి. నల్లరాతి నేల మీద పరుచుకుంటూ నేరుగా మెన్నా పాదాల దగ్గరికి వచ్చి ఆగాయి. చల్లదనం ఎముకల దాకా పాకింది. మెన్నా అత్తగారి చెయ్యి పట్టుకుంది.

నీళ్ళు మెన్నాని వదిలి తెగ్వెన్ పాదాల దగ్గరికి వెళ్ళాయి. అక్కడా ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. చీలమండలు మునిగాయి, పిక్కలు మునిగాయి, మోకాళ్ళకి వచ్చాయి. మూల కుర్చీ తేలింది. ఒకసారి ఇటు లాగాయి, ఒకసారి అటు లాగాయి. మెన్నా బల్ల కాలిని రెండు కాళ్ళతో బిగించి పట్టుకుని కూతురి పేరు తలుచుకుంటూ ఉంది. తెగ్వెన్ ఏవో గొణుగుతోంది. మొదట ప్రార్థన అనుకుంది మెన్నా. కాదు, సముద్రాన్ని తిడుతోంది, ఇరవై ఆరేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ.

ఎంతసేపు అలా ఉందో తెలియదు. ఎవరి కోసం వచ్చిందో గుమ్మంలోకి వచ్చాక మరిచిపోయిన మనిషిలా, నీళ్ళు కాసేపు వంటింట్లో తచ్చాడాయి. ఇక్కడ సముద్రం కోరుకున్న మనిషి సగమే ఉంది, అక్కడ ఇంకో సగం. అలా ముక్కలుగా తీసుకెళ్ళడం దానికి తెలిసినట్టు లేదు. వచ్చిన దారినే, తలుపు కింద నుంచే వెనక్కి వెళ్ళిపోయింది.

హెవిన్ పిల్లని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ తడి చీపుళ్ళు పట్టుకుని నాచు ఊడుస్తున్నారు. జరిగింది మెన్నా చెప్పింది. అతను ఆమె జుట్టులో ముఖం దాచుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి పాత తువ్వాలు పక్కన రెండో తువ్వాలు కట్టాడు.

ఆ రెండూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇద్దరికీ టీ కొంచెం ఉప్పగానే తగులుతుంది, తగ్గదు, పెరగదు. ఇద్దరూ కట్ట దిగరు. మెన్నా ఇప్పుడు షెడ్డులో గుల్లలు ఉడికించే పని చేస్తోంది. ఇద్దరిలో ఒకరు పోతే ఆ సగం ఎవరిదవుతుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మెన్నాకి తెలుసుకోవాలని లేదు. ముసలావిడ దగ్గితే డాక్టర్ని పిలుస్తుంది. శాలువా కప్పుకోకుండా గుమ్మం దాటితే గొడవ పెట్టుకుంటుంది. పదకొండేళ్ళ పాటు ఆ గొంతు వినపడకుండా ఉంటే బాగుండుననుకున్న మనిషి, ఇప్పుడు పొద్దున్నే ఆ గొంతు కోసమే కెటిల్ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడుతోంది.

"టీ ఎలా ఉంది అత్తయ్యా?"

తెగ్వెన్ ఒక గుక్క తాగుతుంది. ఏదో ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి కట్ట వైపు చూస్తుంది.

"దీనికన్నా కుడితి నయం."

అప్పుడు మెన్నా ఊపిరి వదిలి, దువ్వెన తీసుకుని ఆనెస్ట్‌కి జడ వేయడానికి వెళ్తుంది.