నల్ల చీటీ నర్సింగం

శుక్రవారం పొద్దుగాల పదింటికి గోదావరిఖనిల ఒక దవాఖాన ముందర ముప్పై మంది సావుబతుకుల మధ్యల పడాలె. విషవాయువు ట్యాంకరు రోడ్డు మీద బోల్తా పడ్డట్టు, జనాన్ని దవాఖానకు మోసుకొచ్చినట్టు డ్రిల్లు. సేఫ్టీ ఆఫీసర్ ఉపేందర్ నెల రోజులు కూసోని దాన్ని రాసిండు. ఎవరు ఏ మాట అనాలె, ఎవరికి ఏమైతది, అన్నీ అండ్లనే ఉన్నయి.

వచ్చినోళ్ళ మెడల తలా ఒక చీటీ వేసిండు. ఎర్ర చీటీ ఉన్నోళ్ళకు ముందుగాల వైద్యం. పసుపుపచ్చోళ్ళు కొంచెం సేపు ఆగొచ్చు. ఆకుపచ్చోళ్ళు నడుసుకుంట వోతరు. నల్లదంటే పానం పోయినట్టే. వాళ్ళ దిక్కు చూసుకుంట టైం పోగొట్టుకోవద్దు, బతికున్నోళ్ళను చూడాలె.

పూలమ్మకు నల్లది వచ్చింది.

పూలమ్మ అదే దవాఖానల ముప్పై ఏండ్లు ఆయాగ చేసి రిటైరయింది. గుమ్మానికొక్క ముచ్చట చెప్పనిది లోపలికి రాదు. అసుంటి మనిషిని నోరు మూసుకోని పండుకొమ్మంటే ఎట్ల?

"శుక్రవారం పూట నన్ను సావుమంటవా ఉపేందర్ సారూ? ఎర్రది ఇయ్యి. మంచిగ మొత్తుకుంట."

"లిస్టు హైదరాబాద్‌కు పోయిందవ్వా. ఇప్పుడు మార్చరాదు."

పూలమ్మ బుద్ధిగ తలకాయ ఊపింది. ఆయన అటు తిరగంగనే ఎర్ర చీటీ ఎవరి మెడలున్నదా అని చూసింది. గోడకు ఒరిగి నర్సింగం కూసున్నడు. కమాన్‌పూర్ పిలగాడు, ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల కాంట్రాక్టు డ్రైవరు. డ్యూటీ లేనినాడు పత్తిచేనుల పని చేసుకుంటడు. డ్రిల్లు అయినంక బిర్యానీ పొట్లం ఇస్తరంటే చేనుకాడికెళ్ళి సీదా ఇటే వచ్చిండు.

"గీ ఎర్రదాంట్ల మస్తు పనుంది బిడ్డా," అన్నది పూలమ్మ, వాని చీటీ చదివిచ్చుకోని. "ఊపిరాడొద్దట, నోట్లెకెళ్ళి నురుగు రావాల్నట. నీతోని ఏడైతది? నాదైతే పండుకుంటే అయిపాయె."

"ఇయ్యవ్వా. నాకు ఇందాకటిసంది తల తిరుగుతున్నది. పండుకుంటెనే నయం."

చీటీలు మారినయి. సైరన్ మోగింది.

పూలమ్మ మొత్తుకునుడు గేటు బయట ఆటోలోళ్ళకు సుత వినవడ్డది. స్ట్రెచర్ మీద నుంచి చెయ్యి సాపి డాక్టర్ జగదీశ్వర్ ప్యాంటు వట్టుకున్నది. "నా పానం వోతున్నది సారూ" అన్నది. ఆక్సిజన్ మాస్కు పెడితే, దాన్ని ఎత్తి ఇంకో రెండు మాటలు చెప్పి మళ్ళ తనే పెట్టుకున్నది. హైదరాబాద్‌కెళ్ళి వచ్చిన ఇద్దరు పెద్ద సార్లు ప్యాడ్ల మీద రాసుకుంటున్నరు.

స్టాఫ్ నర్సు మహెజబీన్ పని చీటీలు చూసి మనుషులను ఏ దిక్కు పంపాల్నో చెప్పుడు. ఎమర్జెన్సీ వార్డుల ఆమెకు పన్నెండేండ్ల సర్వీసు. సచ్చినోళ్ళ వరుస పక్కకెళ్ళి పోతుంటె ఆమె కండ్లు ఆడ ఆగినయి. నలుగురు సచ్చినోళ్ళు. ఒకడు ఫోన్ల రీల్స్ చూస్తున్నడు. ఇద్దరు గుసగుస మాట్లాడుకుంటున్నరు. నాలుగోవాడు నర్సింగం, నోట్లెకెళ్ళి నురుగు వస్తున్నది.

"మా అన్న మస్తు చేస్తున్నడు సిస్టర్," అన్నడు ఫోన్ చూసేటోడు.

సచ్చినోని చీటీల నురుగు ఎందుకుంటది? మహెజబీన్ మోకాళ్ళ మీద కూసున్నది. నీడ పట్టున పండుకున్నోని నొసలు చెమటతోని తడిసిపోయింది. కండ్లల్ల నీళ్ళు. ఛాతిల గురగుర. చేతికండలు వాటంతటవే అదురుతున్నయి. అంగీ వెనక తడి, ఆ తడి నుంచి ఘాటు వాసన. రెప్ప ఎత్తి టార్చి కొట్టింది. కనుపాప సూదిమొనంత ఉన్నది. వానకాలం వచ్చిందంటే ఆమె వార్డుల చూసే కండ్లే అవి.

"సార్, జల్ది రండ్రి. ఇది డ్రిల్లు కాదు."

ఉపేందర్ కాయితాలు తిరగేసిండు. "సిస్టర్, గది నాలుగో పేజీల డాక్టర్ సార్ అనే మాట. మీరు అనద్దు."

హైదరాబాద్ సారు ఒకాయన ఖుషీగ తలకాయ ఊపి, ప్యాడ్ మీద ఏదో రాసుకున్నడు.

ఇగ చెప్పి లాభం లేదని మహెజబీన్ లేచింది. ఉరికి వోయి డాక్టర్ చెయ్యి వట్టుకోని గుంజుకొచ్చింది. ఇన్నేండ్లల్ల ఆమె ఏ డాక్టర్ చెయ్యి అట్ల వట్టలేదు. టార్చి ఆయన చేతుల పెట్టింది.

"నురుగంటే సబ్బుతోని తెస్తరు. కనుపాప చూడండ్రి సార్."

జగదీశ్వర్ చూసిండు. చేతిలున్న కాయితాలు కింద పడ్డయి. "పురుగుల మందు. గ్లౌజులు ఏసుకోండ్రి అందరు. అంగీ కత్తిరించుండ్రి. అట్రోపిన్ సూదులు తీయుండ్రి, విరుగుడు అదే."

"ట్రేల ఉన్నయి ఉత్త నీళ్ళు సార్. నేను లోపలియి తెస్త," అని మహెజబీన్ అప్పటికే ఉరుకుతున్నది.

మనుషులను కడిగే టెంటు ఒకటి పక్కకు కట్టి ఉన్నది. నీళ్ళు, సబ్బు అన్నీ ఉన్నయి గని, జేబులల్ల ఫోన్లు ఉన్నయని అప్పటిదాక ఒక్కలను సుత తడపలే. నర్సింగాన్ని అండ్లకు తీస్కపోయి నెత్తి నుంచి కాళ్ళదాక సబ్బుతోని కడిగిన్రు. "ట్యాంకు కారుతున్నది... పత్తికి కొట్టంగ..." అని వాడు గొణిగిండు. వీపు మీది స్ప్రే ట్యాంకు మందు కొట్టినంతసేపు అంగీ మీద కారిందన్నట్టు.

గిది చూసి, పానం వోతున్న పూలమ్మ మాస్కు పీకేసి స్ట్రెచర్ దిగి ఉరికొచ్చింది. "ఆ నల్ల చీటీ నాది సారూ. నేనే మార్చిన." ఉపేందర్ ఆ మాట ఏ పేజీల ఉన్నదో అని తన కాయితాలల్ల ఎతుకవట్టిండు.

ఛాతిల గురగుర ఆగేదాక కొన్ని నిమిషాలకోసారి సూది వేస్తనే ఉన్నరు. మహెజబీన్ స్టెతస్కోపు చెవులకెళ్ళి తియ్యలేదు. మధ్యాహ్నానికి ఊపిరి తేలికైంది.

సాయంత్రం ఇంకో తమాష మొదలైంది. అన్ని సూదులు పడ్డంక నర్సింగానికి మతి కొంచెం తప్పింది. మంచం మీద కూసోని దుప్పటి మీద లేని పత్తి ఏరుడు వట్టిండు. పూలమ్మ ఎదురుంగ కూసోని కొంగు పట్టింది. వాడు ఏరుతున్నడు, ఆమె కొంగుల వేసుకుంటున్నది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?" అన్నది మహెజబీన్.

"పత్తి ఏరుతున్నం. పట్టకపోతే కోపం చేస్తున్నడు బిడ్డా."

"సూది మందుతోని గట్ల అయితది. ఫికర్ చెయ్యకు, రేపటికల్లా తగ్గుతది."

తగ్గింది. నాలుగో రోజు నర్సింగం జొన్న గట్క తాగి మంచిగ కూసున్నడు. పూలమ్మ మాత్రం మంచం పట్టెను వదలకుంట ఏడుస్తనే ఉన్నది.

"చీటీ మార్చి పిలగాన్ని సంపపోతి. ఎర్రది వాని మెడల్నే ఉంటే ముందుగాల వాన్నే చూస్తుండిరి."

"చూసి ఏం చేస్తుండిరి?" అన్నది మహెజబీన్ బీపీ పట్టీ చుట్టుకుంట. "నురుగు రావాలని ఎర్రదాంట్ల రాసే ఉన్నది. మంచిగ చేస్తున్నడని మెచ్చుకోని, ఆ ట్రేల నీళ్ళు పొడుస్తుండిరి. సచ్చినోని నోట్ల నురుగొచ్చిందనే నాకు అనుమానమొచ్చింది."

పూలమ్మ ఏడుపు ఆపింది. కొంగుతోని ముక్కు తుడుసుకున్నది.

"అంటే వాన్ని బతికిచ్చింది నేనే అన్నట్టు."

"నేను గట్లనలే అవ్వా."

పూలమ్మ అది విన్నదో లేదో, లేచి వరండలకు పోయింది. మహెజబీన్ నర్సింగం దిక్కు తిరిగి, కారే ట్యాంకు మళ్ళ వీపుకు ఎత్తద్దని, మందు తగిలిన అంగీ అక్కడ్నే విప్పి సబ్బుతోని కడుక్కోవాలని, ఏ కొంచెం తల తిరిగినా దవాఖానకే రావాలని చెప్పవట్టింది. వాడు అన్నిటికి "సరే సిస్టర్" అంటున్నడు గని, చెవులు వరండ దిక్కే ఉన్నయి. ఆడ పూలమ్మ మందుల రూము ముందర నలుగురిని నిలవెట్టుకోని, నర్సింగం మొఖం చూడంగనే తనకెట్ల అనుమానమొచ్చిందో, ఎందుకు చీటీ మార్చిందో చెప్తున్నది.