తెల్లవారితే గురువారం

నేను ఒక వివరణను. చేత్తో పట్టుకోవడానికి వీల్లేదు, తూకం వేయడానికి అసలే వీల్లేదు. రాజమండ్రిలో వీరభద్రంగారి పెళ్లిపందిళ్ల దుకాణం కంప్యూటర్లో, 'పందిరి ఖాయం' అనే టూల్ నుదుట బొట్టులా అంటుకుని, అదేం చేస్తుందో చెబుతుంటాను.

ఆ దుకాణానికి వచ్చే మెసేజీలు చూసుకోవడానికి ఒక ఏఐ ఏజెంటు ఉంది. పెళ్లివారు పంపిన శుభలేఖ చదివి, టూల్‌లో తేదీ, వేళ, ఊరు నింపి పందిరి ఖాయం చేస్తుంది. టూల్ లోపల ఏముందో దానికి కనబడదు. దానికి కనబడేది నేనే. నేనెంత చెబితే అంతే నమ్ముతుంది. మనుషులు మందు సీసా మీద రాసింది కూడా అంత శ్రద్ధగా చదవరు.

ఏజెంటును తయారుచేసింది చారుమతి, వీరభద్రంగారి కొత్త కోడలు. నన్ను రాసే పని మాత్రం భర్త శశిధర్‌కు అప్పగించింది. పెళ్లయి నెల తిరగలేదు. అతను ఒక కన్ను ఆమె చేతి గోరింటాకు మీదే ఉంచి, "పందిరి తేదీ ఖాయం చేస్తుంది" అని టైపు కొట్టాడు. నేను పుట్టేశాను.

"ఇంతేనా?" అంది చారుమతి.

"ఇందులో తెలియందేముంది చారూ?"

తెలిసినవాళ్లకు తెలియందేముంటుంది?

వీరభద్రంగారు కోడలికి ముందే చెప్పారు. "అమ్మాయ్, నేను ఒప్పుకున్న పెళ్లిలో తాళి కట్టే వేళకి పందిరి లేకపోవడమన్నది ఇంతవరకు లేదు. నీ యంత్రం ఆ మాట నిలబెడితే ఉంచుదాం. లేదంటే తీసేద్దాం." ఆమె అలాగేనంది గానీ, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం ద్వారపూడి నుంచి పెళ్లికూతురి తండ్రి సత్తిరాజుగారు ఫోన్ చేశారు.

"పందిరోళ్లు ఇంకా బయల్దేరలేదేటండి? రాత్రికి మా పిల్ల పెళ్లండి."

చారుమతి తెర మీద చూసింది. "మీది రేపు, గురువారం కదండీ?"

"రేపొచ్చి ఏం చేత్తారండి, అప్పగింతలకి పందిరేత్తారా?"

శుభలేఖలో 'బుధవారం రాత్రి 2.47 గంటలకు, తెల్లవారితే గురువారం' అని ఉంది. మనవాళ్లకు రోజు మారేది సూర్యుడు వచ్చాక. కంప్యూటర్‌కు అర్ధరాత్రే మారిపోతుంది. ఆ లెక్కన ముహూర్తం గురువారమే, ఏజెంటు తప్పేమీ చదవలేదు. కానీ దుకాణం పద్ధతి ప్రకారం, ఖాయమైన తేదీ మధ్యాహ్నానికి లారీ వెళ్తుంది. గురువారం మధ్యాహ్నానికి పెళ్లికూతురు అత్తారింట్లో ఉంటుంది. తేదీ అంటే ముహూర్తానిదా, పందిరి వేసేదా? ఆ సంగతి చెప్పాల్సిన నేను చెప్పలేదు.

వీరభద్రంగారు పందిరి సామాను లారీ ఎక్కించడానికి గోడౌనుకు వెళ్లిపోయారు. భార్యాభర్తలు పూల కోసం స్కూటర్ మీద కడియం పరుగెత్తారు. ఏజెంటు చారుమతి ఫోన్‌లో కూడా ఉంది కాబట్టి, దాంతో నేనూ వెళ్లాను. పోట్లాడుకుంటారనుకున్నాను. తిరుగుప్రయాణంలో ఇద్దరి మధ్య బంతిపూల మూట.

"అద్దంలో పూలు తప్ప ఏమీ కనబడట్లేదు," అన్నాడు శశిధర్.

"అద్దంలో నన్ను వెతక్కండి. రోడ్డు చూడండి."

పొద్దు వాలే వేళకు ద్వారపూడిలో పందిరి లేచింది. సత్తిరాజుగారు చుట్టూ తిరిగి చూసి, "గుమ్మం దగ్గర మల్లెలు పల్చబడ్డాయండి," అన్నారు. తప్పు పట్టడానికి అదొక్కటే దొరికినందుకు ఆయన ముఖం కాస్త తేటపడింది.

మర్నాడు వీరభద్రంగారు, "తీసేద్దామా అమ్మాయ్?" అన్నారు.

"ఈ ఒక్కసారి చూడండి మావయ్యగారూ."

శశిధర్ ఆమెకంటే ముందు కుర్చీలో కూర్చుని నన్ను దిద్దాడు. "తేదీ విషయంలో చాలా చాలా జాగ్రత్తగా ఉండాలి. పొరపాటు చేయరాదు." చారుమతి అదే శుభలేఖ మళ్లీ ఇచ్చి చూసింది. ఏజెంటు చాలా చాలా జాగ్రత్తగా మళ్లీ గురువారమే ఖాయం చేసింది.

చారుమతికి నవ్వొచ్చింది. "మొన్న అత్తయ్యగారు 'పాలు జాగ్రత్త' అన్నారు. జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టాను. ఆవిడ ఉద్దేశం తోడు పెట్టమని. పొద్దున పెరుగు లేదు. కొత్తగా వచ్చినవాళ్లకి జాగ్రత్త చెబితే చాలదండీ, ఈ ఇంట్లో ఏం చేస్తారో చెప్పాలి."

మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. పందిరి ఎప్పుడు వేస్తారు, అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే ఏం చేస్తారు, అనుమానమొస్తే ఎవరిని అడుగుతారు. ఆయనకు అన్నీ తెలుసు, ఇంతవరకు అడిగినవాళ్లు లేరు. కొత్త నగలు ఒక్కొక్కటే పెట్టుకున్నట్టు నేను పెరిగాను:

"ఈ టూల్ పందిరి వేసే రోజును ఖాయం చేస్తుంది, ముహూర్తం రోజును కాదు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు ఉంటే పందిరి ముందురోజు మధ్యాహ్నం వేయాలి. ఉదాహరణ: బుధవారం రాత్రి 2.47, తెల్లవారితే గురువారం అని ఉంటే, బుధవారం రాయాలి. అనుమానం ఉంటే ఖాయం చేయకుండా పెళ్లివారిని అడగాలి. ఖాయమైనదాన్ని రద్దు చేయడానికి ఇది వాడకూడదు, దానికి వేరే టూల్ ఉంది."

ఆ వారంలోనే అనపర్తి నుంచి ఒక శుభలేఖ వచ్చింది. శుక్రవారం రాత్రి 1.12, తెల్లవారితే శనివారం. పైగా ముద్రించినవాడి పుణ్యాన తేదీ దగ్గర సిరా అలుక్కుపోయింది. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. ఏజెంటు నన్ను ఆసాంతం చదివింది. వెంటనే ఖాయం చేయలేదు. "మీ ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంది కాబట్టి పందిరి శుక్రవారం మధ్యాహ్నమే వేస్తామండి. శుభలేఖలో తేదీ సరిగా కనబడటం లేదు, ఒక్కసారి చెబుతారా?" అని అడిగింది. అవతలివాళ్లు చెప్పారు. అప్పుడు ఖాయం చేసింది.

వీరభద్రంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అడిగి చేసింది. ఉండనీ," అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం లారీ వేళకు బయల్దేరింది. ఎవరూ ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేదు. అయినా శశిధర్ స్కూటర్ తీశాడు, చారుమతి వెనక కూర్చుంది.

"మళ్లీ ఏం మునిగిందిరా?" అన్నారు వీరభద్రంగారు గుమ్మంలోంచి.

"ఏం లేదు నాన్నా. రోజ్‌మిల్క్ తాగొస్తాం."

"ఈ వేళప్పుడా? ఎందుకు?"

"ఊరికే."

ఇప్పుడు నాకు చాలా సంగతులు తెలుసు. ఈ 'ఊరికే'కు మాత్రం వివరణ ఎలా రాయాలో నాకింకా తెలియదు.