ఆకుపచ్చ అరచెయ్యి

పొద్దున్న కాఫీలయ్యాక అక్క హాల్లోకొచ్చి, కొత్త చేపలపెట్టెలో చెయ్యి ముంచుతుంది. నీళ్లలో విషముంటే ఆమె అరచెయ్యి ఆకుపచ్చగా మారుతుంది, లేకపోతే లేదు. చిన్నప్పట్నుంచీ అంతే.

"ఎలా ఉందక్కా?" తమ్ముడు బూట్లు తొడుక్కుంటూ అడుగుతాడు.

"బాగా ముదురుగా ఉందిరా."

"ఇంకా కుదురుకోలేదన్నమాట."

కొత్త నీళ్లు కుదురుకోడానికి వారాలు పడుతుందని దుకాణంవాడు ముందే చెప్పాడు. మొదట రెండు చవక చేపల్ని వెయ్యాలి. వాటి మలినం విషమవుతుంది. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు మెల్లగా ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెడతాయి. ఆ తర్వాతే ఖరీదైన చేపలు. ఈలోగా చవకవి పోతే పోతాయి, చవకవి కొనేది అందుకే కదా! స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దన్నాడు, కుళాయి నీళ్లలో కలిపే మందుకి ఆ జీవులన్నీ చస్తాయట. నీళ్లు పరీక్షించే కిట్ కూడా చూపించాడు గానీ, ఇంట్లో అక్క ఉండగా అదెందుకని తమ్ముడు కొనలేదు.

చేపల్లో ఒకటి త్వరగానే పోయింది. రెండోది తోక చిరిగింది. అక్క చెయ్యి పెట్టగానే వచ్చి వేళ్ల సందున దూరేది.

ఒకరోజు మరదలు ఫోన్లో తోడికోడలితో అంటున్న మాట అక్క చెవిన పడింది.

"నీళ్లు కుదురుకోగానే వదినని మీ ఇంట్లో దింపేస్తాం. ఇక మీ వంతే."

ఆ ఇంట్లో అక్క పడక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన. పలకరించే దిక్కుండదు. ఇక్కడైతే కనీసం పొద్దున్నొకసారి 'ఎలా ఉందక్కా' అంటారు. ఆ ఒక్క మాట కోసం మనిషి ఎంతకైనా తెగిస్తుంది.

కొన్నాళ్లకి ఒక పొద్దున, ఇంకా ఎవరూ లేవకముందు, అరచెయ్యి మామూలు రంగులోనే బయటికొచ్చింది. నీళ్లు కుదురుకున్నాయని అక్కకి అర్థమైంది. స్పాంజి తీసి కుళాయి కింద పిండి పిండి కడిగింది. మడ్డంతా పోయి కొత్తదానిలా తయారైంది.

"ఇంకా ఆకుపచ్చే రా," అంది ఆ రోజు. మర్నాటి నుంచి అబద్ధమాడాల్సిన పని లేకపోయింది.

"మన నీళ్లకేం రోగమో!" అని తమ్ముడు విసుక్కున్నాడు. తోక చిరిగిన చేప పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. చూసి అక్క ఏడ్చింది. ఏడుస్తూనే స్పాంజి మళ్లీ కడిగింది.

చివరికి ఆ చేప ఎప్పట్లాగే ఆమె చేతిలోకి వచ్చి, అక్కడే వెల్లకిలా తిరిగిపోయింది. ఆ రోజు చేతికెక్కిన రంగు సబ్బుతో తోమినా వదల్లేదు.

ఇక స్పాంజి జోలికెళ్లడానికి అక్కకి చేతులు రాలేదు. మరదలు ఇంకో రెండు చవక చేపల్ని పడేసింది. వారాలు గడిచినా అక్క చెయ్యి మాత్రం ఆకుపచ్చే. విసిగిపోయి తమ్ముడు కిట్ కొనుక్కొచ్చాడు. నీళ్లు ఎప్పుడో కుదురుకున్నాయని తేలింది.

"అక్క చెయ్యి పాడైపోయింది," అన్నాడు, మిక్సీ పాడైందన్నట్టు.

ఆ సాయంత్రమే ఖరీదైన చేపలొచ్చాయి. గుమ్మం దగ్గర అక్క సంచీ సర్ది ఉంది. వెళ్లేముందు ఒక్కసారని పెట్టెలో చెయ్యి ముంచింది. చేపలన్నీ బెదిరి అవతలి మూలకి పోయాయి.

"చెయ్యి తీసెయ్యండి వదినా," అంది మరదలు, "ఇప్పుడవి మంచి నీళ్లు."